రెండు ఘన్‌పూర్లు, ఒక జిప్ ఫైలు

జనగామ జిల్లాలో ఒక ఘన్‌పూర్ ఉంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు మార్గం మీద స్టేషన్ ఉన్న ఊరు కాబట్టి అందరూ స్టేషన్ ఘన్‌పూర్ అంటారు. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఇంకో ఘన్‌పూర్ ఉంది. కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్న ఊరది. రెండూ మండల కేంద్రాలే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా రెండూ ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. ఒకే జిల్లాలో ఒకే పేరుతో రెండు మండలాలుంటే కాగితాలు తారుమారవుతాయి. అందుకే ప్రభుత్వ రికార్డుల్లో ఒకదాన్ని ఘన్‌పూర్ (స్టేషన్) అనీ, రెండోదాన్ని ఘన్‌పూర్ (ములుగు) అనీ రాస్తూ వచ్చారు.

కంప్యూటర్లో ఈ పనిని ఫోల్డర్లు చేస్తాయి. ఒకే పేరున్న రెండు ఫైళ్లు వేర్వేరు ఫోల్డర్లలో నిశ్చింతగా ఉంటాయి, ఎందుకంటే యంత్రం వాటిని పేరుతో కాదు, పూర్తి దారితో గుర్తుపడుతుంది. చిక్కంతా వాటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపడానికి మూట కట్టినప్పుడు వస్తుంది. ఆ మూట కట్టే పనిని ఈ రోజుల్లో చాలాచోట్ల బిల్డ్ టూల్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తున్నారు. దానికి దారి సంగతి సరిగ్గా చెప్పకపోతే రెండు ఘన్‌పూర్లలో ఒకటి మాయమవుతుంది. తప్పు జరిగినట్టు ఏ హెచ్చరికా రాకపోవచ్చు కూడా.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సమాచారాన్ని ఎవరో మండలాల వారీగా సేకరిస్తున్నారనుకుందాం. చెరువుల లెక్కలు కావచ్చు, బడుల వివరాలు కావచ్చు, శాసనాల ఫొటోలు కావచ్చు. జిల్లాకొక ఫోల్డరు, అందులో మండలానికొక ఫోల్డరు పెట్టుకున్నారు. ప్రతి మండలం ఫోల్డర్లోనూ ‘వివరాలు’ అనే పేరుతోనే ఒక ఫైలు ఉంది. ఇది మంచి అమరిక. ఫైలు పేరులో ఊరి పేరు మళ్లీ ఇరికించనక్కర్లేదు, ఫోల్డరే అది చెబుతుంది. ‘జనగామ/ఘన్‌పూర్/వివరాలు’ ఒకటి, ‘భూపాలపల్లి/ఘన్‌పూర్/వివరాలు’ ఒకటి. లోపల అంకెలు వేరు, పైకి పేరు ఒకటే.

ఇప్పుడు వీటిని జిప్ చేసి నలుగురికీ పంచాలి. చేత్తో చేస్తే ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతాం, అందుకే బిల్డ్ టూల్. ఈ జాతి పరికరాల్లో పాతది ‘మేక్’. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. జావా ప్రపంచానికి 2000లో ‘యాంట్’, 2004లో ‘మేవెన్’ మొదటి పూర్తి వెర్షన్, 2012లో ‘గ్రేడిల్’ మొదటి పూర్తి వెర్షన్ వచ్చాయి. ఏ ఫైళ్లు తీసుకోవాలో, వాటితో ఏం చేయాలో ఒక్కసారి రాసిపెడితే ఎన్నిసార్లయినా అదే పని అదే వరసలో చేసిపెడతాయి. ప్రోగ్రాములను తయారు చేయడానికి పుట్టినవే అయినా, ఏ ఫైళ్లనైనా మూట కట్టగలవు.

ఈ జావా టూళ్లన్నిటిలోనూ ఫైళ్లను ఎంచుకునే పద్ధతి రెండు ముక్కలుగా ఉంటుంది. ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలో చెప్పే ఆధార ఫోల్డరు ఒకటి. అక్కడి నుంచి లోపల ఏవి కావాలో చెప్పే నమూనా ఒకటి. నమూనాలో ఒక చుక్క గుర్తు (*) పెడితే ఆ ఒక్క మెట్టులోని పేర్లన్నీ అని అర్థం. రెండు చుక్కలు (**) పెడితే ఎన్ని మెట్లు లోపలికైనా వెళ్లమని అర్థం. చాలామంది దృష్టి నమూనా మీదే ఉంటుంది, ఫైళ్లన్నీ దొరికాయా లేదా అని చూసుకుంటారు. అసలు నిర్ణయం జరిగేది ఆధార ఫోల్డరు దగ్గర. మూటలో చేరే దారి ఆధార ఫోల్డరు తరవాతి భాగం మాత్రమే. దానికి పైనున్నదంతా తెగిపోతుంది.

ఫైళ్లు ‘పని/సమాచారం/జనగామ/ఘన్‌పూర్/వివరాలు’ దగ్గర ఉన్నాయనుకోండి. ఆధారం ‘పని/సమాచారం’ అని చెబితే మూటలో ‘జనగామ/ఘన్‌పూర్/వివరాలు’ అని చేరుతుంది. ఆధారాన్ని ఒక మెట్టు కిందికి దించి ‘పని/సమాచారం/జనగామ’ అంటే ‘ఘన్‌పూర్/వివరాలు’ మాత్రమే చేరుతుంది. ఒక్క జిల్లాకైతే ఇదీ బాగానే ఉంది. రేపు భూపాలపల్లిని కూడా కలుపుదామని అదే పద్ధతిలో రెండో ఆధారం రాస్తే, అక్కడి నుంచీ ‘ఘన్‌పూర్/వివరాలు’ అనే వస్తుంది. ఫోల్డర్లను మనం చెరపలేదు, చదును చేయమనీ అనలేదు. ఆధారం ఒక మెట్టు కిందికి దిగడం వల్లే జిల్లా పేరు జారిపోయింది.

చదును చేయడం అనే పని కూడా విడిగా ఉంది. యాంట్‌లో ఫైళ్లను కాపీ చేసే పనికి ‘ఫ్లాటెన్’ అనే మీట ఉంటుంది. అది నొక్కితే ఫోల్డర్లన్నీ పోయి ఫైళ్లన్నీ ఒకే చోట కుప్పపడతాయి. ఫైళ్ల పేర్లు దేనికదే వేరుగా ఉన్నప్పుడు అది పనికొచ్చే వసతే. మన అమరికలో మాత్రం జిల్లాల్లోని మండలాలన్నిటికీ కలిపి చివరికి ‘వివరాలు’ అనే ఒక్క ఫైలు మిగులుతుంది.

ఒకే దారితో రెండు ఫైళ్లు వచ్చినప్పుడు ఒక్కో టూలు ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది. యాంట్‌లో జిప్ చేసే పనికి ‘డూప్లికేట్’ అని ఒక ఎంపిక ఉంది. మనం ఏమీ చెప్పకపోతే అది రెండింటినీ అదే పేరుతో మూటలో చేర్చేస్తుంది. జిప్ లోపల రెండూ ఉంటాయి, కాని విప్పేటప్పుడు రెండోది మొదటిదాని మీద కూర్చుంటుంది, లేదా విప్పే ప్రోగ్రాము ఏది ఉంచాలని మనల్ని అడుగుతుంది. మూట బరువు చూసి అన్నీ ఉన్నాయని సంతృప్తిపడితే మోసపోతాం. గ్రేడిల్ వాళ్లు 2021లో తెచ్చిన ఏడో వెర్షన్ నుంచి పద్ధతి మార్చారు. ఒకే దారి రెండుసార్లు వస్తే ఏం చేయాలో మనం రాసి ఉండకపోతే పని అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ మార్పు వల్ల చాలామంది పాత ప్రాజెక్టులు ఆగిపోయి విసుక్కున్నారు. నా మట్టుకు నాకు ఇదే సరైన తీరు. తెలియకుండా ఒక మండలం సమాచారం పోవడం కన్నా పని ఆగిపోవడం వెయ్యి రెట్లు నయం.

దీనికి మందు కూడా ఆ టూళ్లలోనే ఉంది. ఆధారాన్ని పై మెట్టుకు ఎక్కించడం ఒక దారి. అది కుదరనప్పుడు, ఫలానా ఆధారం నుంచి వచ్చిన ఫైళ్లను మూటలో ఫలానా ఫోల్డరు కింద పెట్టు అని చెప్పొచ్చు. యాంట్‌లో దాన్ని ‘ప్రిఫిక్స్’ అంటారు, గ్రేడిల్‌లో ‘ఇంటూ’ అంటారు, మేవెన్‌లో ‘అవుట్‌పుట్ డైరెక్టరీ’ అంటారు. తెగిపోయిన జిల్లా పేరును మళ్లీ ముందు అతికించడమే ఇది. మేవెన్ వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. దాని అసెంబ్లీ ప్లగిన్ మనం వద్దనకపోతే అన్నిటి పైన ఒక అదనపు ఫోల్డరును తనే చేరుస్తుంది. విప్పిన చోట ‘జనగామ’ పై మెట్టులో ఉంటుందని ఎదురుచూసే ప్రోగ్రాముకు అది కనిపించదు.

జావా ప్రోగ్రాములు రాసేవాళ్లకు దారి ప్రాణమంత ముఖ్యం. జావాలో ప్రతి క్లాసూ తన ప్యాకేజీ పేరుకు సరిపోయే ఫోల్డర్లోనే ఉండాలి. మూటలో ఒక మెట్టు ఎక్కువైనా తక్కువైనా క్లాసు దొరకలేదని ప్రోగ్రాము కూలిపోతుంది. అక్కడ తప్పు వెంటనే తెలుస్తుంది, అది ఒక రకంగా అదృష్టం. సమాచారం మోసే మూటల్లో అలా కూలిపోయేది ఏదీ ఉండదు. పోయింది పోయినట్టే, ఏడాది తరవాత ఎవరో లెక్క చూసి ఒక మండలం తగ్గిందేమని అడిగే దాకా.

ఇంతకీ జిప్ ఫైలు లోపల ఏముంటుంది? ఫోల్డర్ల చెట్టు ఉంటుందనుకుంటాం. అలాంటిదేమీ ఉండదు. ఫిల్ కాట్జ్ 1989లో ఈ పద్ధతిని లోకానికి ఇచ్చినప్పటి నుంచీ లోపలి కట్టుబాటు ఒకటే. ఒక్కో ఫైలుకూ ముందు ఒక చిన్న తలకట్టు, దాని వెనక ఫైలు పేరు, ఆ వెనక కుదించిన సరుకు. తలకట్టు మొదటి రెండు అక్షరాలు ‘పీకే’, ఆయన పేరులోని పొడి అక్షరాలే. ఫైళ్లన్నీ అయిపోయాక చివర్లో ఒక పట్టిక ఉంటుంది, అందులో పేర్లన్నీ మళ్లీ ఒకసారి వస్తాయి. ఆ పేరనేది ‘వివరాలు’ అనే పొట్టి పేరు కాదు. ‘జనగామ/ఘన్‌పూర్/వివరాలు’ అనే పూర్తి దారి. వాలుగీతలు కూడా ఆ పేరులో భాగమే. విప్పే ప్రోగ్రాము ఆ పేరును చదివి, గీత కనబడ్డ చోటల్లా ఒక ఫోల్డరు సృష్టించుకుంటూ పోతుంది. చెట్టు ఎక్కడా దాచిలేదు, పేర్లను చదివినప్పుడల్లా కొత్తగా మొలుస్తుంది. దారి పోవడమంటే అందుకే ఏదో పై పై అలంకారం పోవడం కాదు, ఫైలు పేరులో సగం పోవడం.

ఖాళీ ఫోల్డరు సంగతి ఇక్కడే తేలుతుంది. ఫైలే లేని ఫోల్డరుకు మోసే పేరేముంటుంది? అందుకని జిప్‌లో గీతతో ముగిసే ఒక పేరును విడిగా రాస్తారు, సరుకు మాత్రం సున్నా. కొన్ని టూళ్లు ఆ శ్రమ పడవు. ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్ అయితే ఖాళీ ఫోల్డర్లను అసలు లెక్కలోకే తీసుకోదు. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు మండలం ఫోల్డరు ఖాళీగా ఉందంటే అక్కడికి ఇంకా ఎవరూ వెళ్లలేదని అర్థం కావచ్చు. ఆ ఫోల్డరే లేకపోతే అలాంటి మండలం ఒకటి ఉందన్న ఊహే అవతలివాళ్లకు రాదు. వాళ్లకు చేరాలంటే లోపల రెండు ముక్కలు రాసిన ఒక చిన్న ఫైలు పెట్టడం మంచిది.

ఇప్పుడు తెలుగు పేర్ల దగ్గరికి వద్దాం. ఇంగ్లిషు పేర్లతో ఎప్పుడూ ఎదురుకాని ఇబ్బందులు మన పేర్లతో ఎదురవుతాయి, వాటి గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. జిప్ పుట్టినప్పుడు ఫైలు పేర్లకు వాడిన అక్షరాల పట్టికలో మొత్తం 256 గుర్తులే ఉండేవి, వాటిలో తెలుగు లేదు. 2006లో ఆ ప్రమాణానికి ఒక చిన్న గుర్తు చేర్చారు. అది పెట్టి ఉంటే పేరు యూనికోడ్‌ను రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉందని అర్థం. ఆ గుర్తు పెట్టకుండా మూట కట్టే పాత ప్రోగ్రాముల చేతిలో పడితే ‘జనగామ’ అవతల పిచ్చి గీతలుగా తేలుతుంది.

యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. అక్షరానికి కాదు, గుర్తుకు. గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, సున్న ఒక గుర్తు. ‘జయశంకర్ భూపాలపల్లి’ అన్న పేరులో ఇలాంటివి 17, మధ్యలో ఒక ఖాళీ. మొత్తం 52 బైట్లు. యూనిక్స్‌లో 1979లో వచ్చిన టార్ అనే మూట పద్ధతిలో ఫైలు దారికి ఇచ్చిన జాగా 100 బైట్లు. రాసి చూద్దాం. జిల్లా పేరు 52, గీత ఒకటి, ‘ఘన్‌పూర్ (ములుగు)’ 45, మళ్లీ గీత ఒకటి. 99 అయ్యాయి. ఫైలు పేరుకు మిగిలింది ఒక్క బైటు, ఒక్క తెలుగు గుర్తు కూడా పట్టదు. 1988 నాటి ప్రమాణంలో దారి ముందు భాగానికి విడిగా ఇంకో 155 బైట్లు ఇచ్చారు. ‘తెలంగాణ/జయశంకర్ భూపాలపల్లి/ఘన్‌పూర్ (ములుగు)/చెల్పూర్’ దాకా రాస్తే 145 అవుతాయి. ఇంకా కొన్ని మెట్లు దిగితే అదీ చాలదు. 2001లో వచ్చిన ప్యాక్స్ పద్ధతి ఈ హద్దును తీసేసింది. అందువల్ల బిల్డ్ టూల్‌లో టార్ ఎంచుకునేవాళ్లు పొడుగు పేర్లకు ఏ పద్ధతి వాడాలో చెప్పే ఎంపికను వెతికి, దాన్ని ప్యాక్స్‌కు మార్చుకోవాలి.

ఒక్కో పేరు మీద కూడా పరిమితి ఉంది. లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 తెలుగు గుర్తులు. విండోస్‌లో అదే 255 అన్నది బైట్లలో కాక గుర్తుల్లో లెక్క. విండోస్‌లో హాయిగా కట్టిన మూట లినక్స్‌లో విప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

కంటికి కనబడని తేడాలు ఇంకా ఇబ్బంది పెడతాయి. ‘ఘన్‌పూర్’ అని రాసేటప్పుడు న మీది పొల్లు పోయి పక్కనున్న ప కిందికి ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. మాట చివర పొల్లు ఉంటే అది అవసరం లేదు. అయినా చేతి అలవాటు కొద్దీ కొందరు ‘జయశంకర్’ చివర కూడా పెడతారు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. యంత్రానికి ఒకటి 52 బైట్ల పేరు, ఒకటి 55 బైట్ల పేరు. మూట విప్పాక ఒకే జిల్లాకు రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనిపిస్తాయి, తేడా ఏమిటో ఎంత చూసినా తెలియదు.

ఐత్వం కథ వేరు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వానికి ఇంకో చిన్న గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ నియమం. ఆపిల్ కంప్యూటర్లలో 2017 వరకు వాడుకలో ఉన్న పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడగొట్టి దాచుకునేది. భూపాలపల్లి జిల్లాలో మైలారం అనే ఊరుంది. ఆ పేరుతో ఫోల్డరు చేసి అక్కడ మూట కట్టి లినక్స్‌లో విప్పితే, పేరు చదవడానికి మైలారమే, వెతికితే మాత్రం దొరకదు. మందు ఒక్కటే. మూట కట్టడానికి ముందు పేర్లన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చి, అక్కర్లేని అదృశ్య గుర్తులు తీసేసే చిన్న మెట్టును బిల్డ్‌లో చేర్చుకోవాలి. ఈ చిక్కులకు భయపడి తెలుగు పేర్లు మానేసి ఇంగ్లిషులో పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మన ఊళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు, అక్కడి గందరగోళం ఇంతకన్నా ఎక్కువ.

ఇదంతా సరిచేసుకున్నా, దారి అసలు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న ఒకటి ఉంది. వెంకటాపురం మండలం 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ ఏడు భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. మూడేళ్లు తిరక్కుండా దారి రెండుసార్లు మారింది, లోపలి సరుకు అక్షరం మారలేదు. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు వచ్చాయి. మహదేవపూర్, కాటారం కరీంనగర్ నుంచి భూపాలపల్లికి వచ్చాయి. వరంగల్ అన్న పేరు తీరు మరీ వేరు. 2016కు ముందు వరంగల్ అంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చాలా భాగం కలిసిన పెద్ద జిల్లా. 2021లో వరంగల్ గ్రామీణ జిల్లాకు వరంగల్ అని పేరు పెట్టి, వరంగల్ పట్టణ జిల్లాను హనుమకొండ చేశారు. 2011 జనాభా లెక్కల ‘వరంగల్’ ఫోల్డరునూ ఇప్పటి ‘వరంగల్’ ఫోల్డరునూ ఒకే మూటలో కలిపితే పేరు కలుస్తుంది, భూమి కలవదు. ఘన్‌పూర్ (ములుగు) కూడా అంతే. పేరులో ములుగు ఉంది, మండలం మాత్రం భూపాలపల్లి జిల్లాలో ఉంది.

అందుకని పాత సమాచారాన్ని కొత్త జిల్లాల ఫోల్డర్లలోకి సర్దేయడం నాకు ఇష్టం ఉండదు. సేకరించిన సంవత్సరాన్ని అన్నిటికన్నా పై మెట్టుగా పెట్టి, ఆనాటి దారిని ఆనాటిలాగే ఉంచాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక సంస్థల డైరెక్టరీలో జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు విడివిడిగా కోడ్లు ఉన్నాయి. మండలం పేరు పక్కన ఆ కోడ్ కూడా రాసుకుంటే జనగామ జిల్లా పాలకుర్తికీ పెద్దపల్లి జిల్లా పాలకుర్తికీ, భూపాలపల్లి జిల్లా చిట్యాలకూ నల్లగొండ జిల్లా చిట్యాలకూ తేడా దారి మీద మాత్రమే ఆధారపడి ఉండదు.

మూట విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. జిప్‌లో పేరు ఏది రాసి ఉంటే విప్పే ప్రోగ్రాము ఆ దారినే పోతుందని చెప్పుకున్నాం. దారిలో రెండు చుక్కలు (..) ఉంటే పై ఫోల్డరులోకి వెళ్లమని అర్థం. దుర్బుద్ధితో అలాంటి పేర్లు ఇరికించిన మూటను గుడ్డిగా విప్పితే అది మన ఫోల్డరు దాటి బయటి ఫైళ్లను చెరిపి రాయగలదు. 2018లో స్నిక్ అనే భద్రతా సంస్థ దీనికి జిప్ స్లిప్ అని పేరు పెట్టి, ఎన్నో ప్రాజెక్టుల్లో ఈ లోపం ఉందని బయటపెట్టింది. విప్పే ప్రోగ్రాము రాసేవాళ్లు ప్రతి దారీ తమ ఫోల్డరు లోపలే ముగుస్తుందో లేదో చూసుకోవాలి.

కట్టినవాళ్లు చేయాల్సిన పరీక్ష కూడా ఒకటుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ కలిసి బ్యాగిట్ అనే పద్ధతి తయారు చేశాయి. 2018లో అది ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా కూడా అచ్చయింది. అందులో సరుకంతా ఒక ఫోల్డర్లో ఉంటుంది, దాని పక్కన మామూలు అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. పట్టికలో ఒక్కో వరసలో ఒక ఫైలు పూర్తి దారి, ఆ ఫైలు లోపలి సరుకును బట్టి లెక్కకట్టిన ఒక పొడుగు సంఖ్య. అందుకున్నవాళ్లు మళ్లీ లెక్కకట్టి సరిచూసుకుంటారు. ఫైలు పోతే వరస మిగిలిపోతుంది, సరుకు మారితే సంఖ్య తప్పుతుంది, దారి మారితే ఫైలు దొరకదు. ఇలాంటి పట్టికను తయారుచేసే మెట్టు బిల్డ్‌లో రాయడానికి పది వరసలు చాలు. మూట కట్టడానికి ముందు మూల ఫోల్డర్ల నుంచి పట్టిక తీయాలి. కట్టిన మూటను ఖాళీ ఫోల్డర్లో, వీలైతే వేరే రకం కంప్యూటర్లో విప్పి, అక్కడా పట్టిక తీసి మొదటిదానితో పోల్చాలి. రెండు పట్టికలూ వరసకు వరస కలిస్తేనే ఆ మూటను బయటికి పంపాలి.